ఎకోస్ప్రిన్ సరిపోతుందా? మైలోమాలో రక్తం గడ్డకట్టే ముప్పును ముందే లెక్కకట్టడం గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నాన్నగారికి 62 ఏళ్లు, ఖమ్మం. నడుము నొప్పని తిరగ్గా తిరగ్గా చివరికి మల్టిపుల్ మైలోమా (ఎముక మజ్జలో పుట్టే ఒక రక్త క్యాన్సర్) అని తేలింది. లెనలిడమైడ్ 25, వారానికో బోర్టెజొమిబ్ ఇంజెక్షన్, వారానికోసారి డెక్సామెథజోన్ (డెక్సా అంటాం, స్టెరాయిడ్ మాత్ర) 40 మొదలుపెట్టారు. వాటితో పాటు రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎకోస్ప్రిన్ 75, అంటే ఆస్పిరిన్ మాత్ర. పక్క మంచం మీది పెద్దాయనకూ ఇదే జబ్బు, దాదాపు ఇవే మందులు. కానీ ఆయనకు తొడ ఎముక విరిగి రాడ్ వేశారు, రోజూ పొట్టలో రక్తం పలచన చేసే ఇంజెక్షన్ కూడా ఇస్తున్నారు. "మాకెందుకు మాత్రతో సరిపెట్టారు? ఎవరికి రక్తం గడ్డకడుతుందో ముందే చెప్పే పరీక్ష లేదా? డి-డైమర్ చేయించమంటారా?" ఎత్తు 168, బరువు 76, ఇంతకుముందు ఎప్పుడూ గడ్డకట్టలేదు, ఏ లైనూ (మందులు ఎక్కించడానికి పెద్ద నరంలో పెట్టే గొట్టం) వేయలేదు అని కూడా రాశారు. మంచి పని చేశారు, ఆ వివరాలు లేకపోతే ఈ జవాబు రాయలేను.

సూటిగా చెప్తాను. అలా ముందే చెప్పే ఒకే ఒక్క రక్త పరీక్ష లేదు. డి-డైమర్ చేయించకండి. మా చేతిలో ఉన్నది ఒక పాయింట్ల లెక్క. ఆ లెక్క ప్రకారం నాన్నగారు సరిగ్గా మాత్రకూ ఇంజెక్షన్‌కూ మధ్య గీత మీద నిలబడ్డారు. ఎకోస్ప్రిన్ రాసిన డాక్టర్ తప్పు చేయలేదు. అదే మనిషికి నేను ఇంజెక్షన్ రాసినా తప్పు కాదు. పక్క మంచం ఆయన మాత్రం గీతకు బాగా అవతల ఉన్నారు.

నేను హైదరాబాద్‌లో రక్త క్యాన్సర్లు చూసే డాక్టర్ని, పదిహేడేళ్లుగా ఇదే పని. ఈ ప్రశ్న వారానికి రెండు మూడు సార్లు వింటాను, కాబట్టి కొంచెం ఓపిగ్గా రాస్తాను.

ముందు డి-డైమర్ సంగతి. గడ్డ కరిగేటప్పుడు రక్తంలో కలిసే ముక్కలను కొలిచే పరీక్ష అది. మైలోమా ఉన్నవాళ్లలో ఎక్కువ మందికి అది మొదటి రోజు నుంచే పెరిగి ఉంటుంది. గడ్డ లేకపోయినా పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది, ఎముక విరిగినా పెరుగుతుంది. రిపోర్ట్‌లో ఆ అంకె పక్కన "హై" అని చూసి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడటం తప్ప ఒరిగేదేమీ ఉండదు. ల్యాబుల వాళ్లు ప్యాకేజీలుగా అమ్మే జన్యు పరీక్షలూ అంతే. వేలకు వేలు పోస్తారు, వచ్చిన రిపోర్ట్‌తో మీ డాక్టర్ చేసేది ఏమీ మారదు.

ఇక అసలు ముప్పు ఎక్కడి నుంచి వస్తుంది? కొంత జబ్బుది. మైలోమా కణాలు తయారు చేసే ప్రోటీన్ రక్తాన్ని చిక్కబరుస్తుంది, ఫ్యాక్టర్ 8 లాంటి గడ్డకట్టించే పదార్థాలు పెరుగుతాయి, నడుము నొప్పితో మనిషి మంచానికి అతుక్కుపోతాడు. కానీ పెద్ద వాటా మందులది. లెనలిడమైడ్, థాలిడమైడ్, పొమలిడమైడ్ ఒక కుటుంబం. వీటికి డెక్సా తోడైతే ముప్పు ఎగబాకుతుంది. డెక్సా పాత్ర ఎంతో చూడండి. 2010లో వచ్చిన ఒక అమెరికా ట్రయల్‌లో అందరికీ లెనలిడమైడే ఇచ్చారు. నెలకు 480 మి.గ్రా. డెక్సా పడ్డవాళ్లలో 26 శాతం మందికి గడ్డకట్టింది. 160 మి.గ్రా. పడ్డవాళ్లలో 12 శాతం మందికి. తేడా అంతా డెక్సాదే. నాన్నగారు సోమవారం పొద్దున 4 మి.గ్రా. మాత్రలు పది ఒకేసారి మింగుతున్నారు కదా, నెలకు నాలుగు సోమవారాలు, మొత్తం 160. ఈ అంకె గుర్తుంచుకోండి, కింద దీనితో పని ఉంది.

(ఒక పక్క మాట. ఈ లెనలిడమైడ్ జెనెరిక్‌ని మన హైదరాబాద్ కంపెనీలే అమెరికాకు పంపుతున్నాయి. అక్కడి లేబుల్ మీద గడ్డకట్టే ముప్పు గురించి నల్ల గడి కట్టి మరీ హెచ్చరిక ముద్రిస్తారు. సిరల్లో గడ్డలే కాదు, గుండెపోటు, పక్షవాతం కూడా ఆ గడిలో ఉన్నాయి. మన దగ్గర మందు డబ్బాలోని కాగితం విప్పి చదివే రోగిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.)

ఇప్పుడు లెక్క. మైలోమాకు బాగా వాడుకలో ఉన్నవి రెండు, రెండూ 2019లో వచ్చినవే. ఒకటి ఇంపీడ్, రెండోది సేవ్డ్. గూగుల్‌లో వెతికితే మీకు ముందు ఖొరానా స్కోర్ కనబడుతుంది, దాన్ని వదిలేయండి. అది 2008లో ప్రధానంగా కణితి రూపంలో వచ్చే క్యాన్సర్ల కోసం తయారైంది. లింఫోమాకు అందులో ఒక పాయింట్ ఉంది గానీ మైలోమాకు చోటే లేదు. పైగా అది హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు చూసి లెక్కేస్తుంది. రక్త క్యాన్సర్‌లో ఆ అంకెలను జబ్బే తలకిందులు చేసి ఉంటుంది, ఇక వాటినే చూసి ముప్పు ఎలా కొలుస్తాం?

నాన్నగారికి ఇంపీడ్ వేద్దాం. లెనలిడమైడ్ కుటుంబం మందు వాడుతున్నారు కాబట్టి 4. డెక్సా నెలకు 160 వరకు కాబట్టి 2 (160 దాటితే 4 పడేది). బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 25 లేదా పైన ఉంటే 1, ఆయనది దాదాపు 27. మొత్తం 7. మిగతా గడులు ఆయనకు ఖాళీ: ఇంతకుముందు గడ్డకట్టి ఉంటే 5, తుంటి లేదా కటి లేదా తొడ ఎముక విరిగి ఉంటే 4, డాక్సోరుబిసిన్ అనే కీమో మందు వాడితే 3, మెడలోనో ఛాతీలోనో లైన్ ఉంటే 2, రక్తం పెరగడానికి ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు ఇస్తే 1. ఎకోస్ప్రిన్ వేసుకుంటున్నారు కాబట్టి 3 తీసేస్తాం. మిగిలింది 4.

3, ఆ లోపు తక్కువ ముప్పు. 4 నుంచి 7 మధ్యస్థం. 8, ఆ పైన ఎక్కువ. ఈ స్కోర్ తయారు చేసిన రోగుల్లో ఆరు నెలల్లో గడ్డకట్టినవాళ్లు వరుసగా 3.3 శాతం, 8.3 శాతం, 15.2 శాతం. అంటే నాన్నగారు మధ్య మెట్టు అంచున ఉన్నారు. సాధారణంగా తక్కువ ముప్పు వాళ్లకు ఆస్పిరిన్, 4, ఆ పైన ఉన్న వాళ్లకు ఇంజెక్షన్ లేదా దానికి సమానమైన మాత్ర అనుకుంటాం. మరి మీ డాక్టర్ ఎకోస్ప్రిన్‌తో ఎందుకు ఆగారు?

నా అంచనా, ఇంకో గడి వల్ల. ఇంపీడ్‌లో "ఆసియా జాతీయులు" అయితే 3 పాయింట్లు తీసేయమని ఉంది. తీసేస్తే 4 కాస్తా 1 అవుతుంది, తక్కువ ముప్పు. సేవ్డ్‌లోనూ అదే గడి, అదే మైనస్ 3. అందులో నాన్నగారికి పడేది డెక్సాకు 1 మాత్రమే. 90 రోజుల్లో ఆపరేషన్ లేదు, పాత గడ్డ లేదు, 80 ఏళ్లు లేవు. ఆసియా పాయింట్లు తీసినా తీయకపోయినా 2 కంటే తక్కువే, తక్కువ ముప్పే. అంటే ఒకే మనిషి, రెండు స్కోర్లు. ఒకటి మాత్ర చాలంటుంది, రెండోది జాతి గడిలో టిక్ పెట్టారా లేదా అన్నదాన్ని బట్టి మాట మారుస్తుంది.

ఇక్కడ నా సొంత అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోని డాక్టర్లు ఉంటారు. మన వాళ్లకు ఆ 3 పాయింట్లు తీసేయడానికి నాకు చెయ్యి రాదు. ఈ స్కోర్లు పుట్టింది అమెరికా రికార్డుల్లో. ఇంపీడ్‌ని మాజీ సైనికుల ఆసుపత్రుల రిజిస్ట్రీ నుంచి తయారు చేశారు, అంటే దాదాపు అందరూ మగవాళ్లే. ఆ రికార్డుల్లో "ఆసియా" అనే ఒక్క పెట్టెలో చైనీయులు, జపనీయులు, ఫిలిప్పీన్స్ వాళ్లు, పసిఫిక్ దీవుల వాళ్లు, మనం అందరం కలిసిపోయాం. ఆ పెట్టె సగటును తెచ్చి ఖమ్మంలో ఉన్న అరవై రెండేళ్ల మనిషికి అతికించడం నాకు రుచించదు. నేను రెండు రకాలుగానూ లెక్కేసి రెండు అంకెలూ ఫైల్‌లో రాస్తాను. రెండూ తక్కువ ముప్పు అంటే ఎకోస్ప్రిన్. రెండూ ఎక్కువ అంటే ఇంజెక్షన్. రెండూ పోట్లాడుకుంటే, మీ కేసులో లాగా, మనిషిని చూస్తాను: నడుస్తున్నాడా, కిడ్నీ ఎలా ఉంది, ప్లేట్‌లెట్లు ఎన్ని, ఇంట్లో ఇంజెక్షన్ చేసేవాళ్లు ఉన్నారా, మూడు నెలలు ఆ ఖర్చు తట్టుకోగలరా. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ డాక్టర్ ఆ గడి ఎలా నింపారో అడగండి, మొహమాటపడకండి.

నాన్నగారి విషయంలో ఎకోస్ప్రిన్ వైపు మొగ్గడానికి ఒక మంచి కారణం బోర్టెజొమిబ్. లెనలిడమైడ్‌కి అది జత కలిసిన వాళ్లలో గడ్డలు తక్కువగా కనిపించాయి. ఇంపీడ్‌లో దానికి పాయింట్ లేదు. అదే రేపు జబ్బు లొంగక బోర్టెజొమిబ్ బదులు కార్ఫిల్జొమిబ్ పెడితే కథ తిరగబడుతుంది, దానికీ ఇంపీడ్‌లో గడి లేదు. ఒక అమెరికా ఆసుపత్రి తన రోగుల రికార్డులు తిరగేస్తే, ఆస్పిరిన్ మీదే ఉన్నా బోర్టెజొమిబ్ జతలో 4.8 శాతం మందికి, కార్ఫిల్జొమిబ్ జతలో 16.1 శాతం మందికి గడ్డకట్టింది. కార్ఫిల్జొమిబ్ వాళ్లకే ఆస్పిరిన్ బదులు రక్తం పలచన చేసే రివరాక్సబాన్ మాత్ర ఇస్తే మళ్లీ 4.8కి దిగింది. అందుకని ఆ మందు మొదలుపెట్టిన రోజున స్కోర్ ఎంతున్నా నేను ఎకోస్ప్రిన్‌తో ఊరుకోను.

ఈ స్కోర్లను ఎంత నమ్మాలి అని ఎవరూ అడగరు, అడగాల్సింది అదే. స్కోర్ ఎంత బాగా పని చేస్తుందో కొలవడానికి ఒక అంకె ఉంటుంది. బొమ్మా బొరుసూ వేసి చెప్పినంత పనితనమైతే 0.5, ఎప్పుడూ తప్పకపోతే 1. ఇంపీడ్‌కి వచ్చింది 0.66 దగ్గర. జాతకం కంటే నయం, అంతే. పైన చెప్పిన 8.3 శాతం అంటే మధ్యస్థం అన్నవాళ్లు వందమందిలో తొంభై ఒకటి రెండు మందికి ఏమీ కాలేదని కూడా. స్కోర్ గుంపు గురించి చెప్తుంది. మీ నాన్నగారు ఆ ఎనిమిది మందిలోనా, తొంభై మందిలోనా అన్నది దానికి తెలియదు.

పక్క మంచం పెద్దాయన లెక్క ఇప్పుడు మీరే వేయగలరు. తొడ ఎముకకు 4, లెనలిడమైడ్‌కి 4, డెక్సాకు 2. అక్కడికే పది. సేవ్డ్‌లో ఆపరేషన్‌కి ఇంకో 2. ఆయనకు ఇంజెక్షన్ ఇవ్వకపోతేనే అడగాలి.

స్కోర్ తక్కువ వచ్చిందని నేను దెబ్బతిన్న సందర్భం ఒకటి చెప్తాను. కొన్నేళ్ల క్రితం నల్గొండ వైపు నుంచి ఒకావిడ వచ్చారు, యాభై దాటాయి, సన్నటి మనిషి. మొదటి రోజు లెక్కేశాను: లెనలిడమైడ్‌కి 4, తక్కువ డెక్సాకు 2, ఎకోస్ప్రిన్‌కి మైనస్ 3. ఫైల్ మొదటి పేజీలో "3, తక్కువ" అని రాసి కింద గీత కూడా గీశాను. మూడో నెలలో న్యుమోనియాతో చేరారు. చేతి నరాలు దొరక్క మెడలో లైన్ వేశాం, ఎనిమిది రోజులు మంచం మీదే ఉన్నారు. లైన్ తీసి ఇంటికి పంపించాం. పదిహేను రోజుల తర్వాత ఎడమ కాలు వాచింది. డెక్సాకి నీరు పట్టిందనుకున్నారు ఇంట్లో, కొబ్బరి నూనె రాసి మర్దన కూడా చేశారట. ఓపీలో నేను చూసింది కాలి పట్టీని. ఎడమ కాలి పట్టీ చర్మంలోకి దిగి ఎర్రటి గీత పడింది, కుడి కాలి పట్టీ వదులుగా మడమ మీదికి జారి ఉంది. డాప్లర్‌లో (రక్తనాళాలు చూసే స్కాన్) పిక్క నుంచి గజ్జ దాకా గడ్డ. అదృష్టం, ఊపిరితిత్తుల్లోకి వెళ్లలేదు. ఆరు నెలలు రక్తం పలచన చేసే మందులు వాడి బయటపడ్డారు.

ఆ ఫైల్ మళ్లీ తెరిచి చూస్తే నా చేతిరాతలో "3, తక్కువ" అలాగే ఉంది. లైన్ వేసిన రోజున అది 5 అయింది. అది కూడా పూర్తి నిజం కాదు, ఎందుకంటే మెడలో లైన్‌కి కాలిలో గడ్డ రాదు. దెబ్బ కొట్టింది ఇన్ఫెక్షన్‌తో మంచాన పడటం, దానికి ఇంపీడ్‌లో గడే లేదు. లెక్క తప్పలేదు, పాతబడింది. నేను చూసుకోలేదు. అప్పటి నుంచి ప్రతి మార్పుకూ మళ్లీ లెక్కేస్తాను: డెక్సా డోసు మారినా, కొత్త మందు కలిసినా, లైన్ వేసినా, ఎముక విరిగినా, వేరే ఏ కారణంతో ఆసుపత్రిలో చేరినా. మొదటి ఆరు నెలలు, అందులోనూ మొదటి మూడు నాలుగు నెలలు ఎక్కువ జాగ్రత్త. తర్వాత డెక్సా ఆపి లెనలిడమైడ్ 10 మీదికి వస్తే ముప్పు బాగా తగ్గుతుంది.

ఇది చదివి ల్యుకేమియా వాళ్లు తమకూ ఇదే లెక్క వేసుకుంటారేమో, వద్దు. జబ్బును బట్టి ముప్పు ముఖమే మారిపోతుంది. లింఫోమాలో ఛాతీ మధ్యలో కణితి ఉందా అన్నది పెద్ద ప్రశ్న. ఎర్రకణాలు మితిమీరి పెరిగే పాలిసైథీమియాలో హిమాటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 45 శాతం లోపు ఉంచామా అన్నదే సగం వైద్యం. 2013లో వచ్చిన ఇటలీ ట్రయల్‌లో 45 నుంచి 50 మధ్య వదిలేసిన వాళ్లలో గుండె జబ్బుతో మరణాలు, పెద్ద గడ్డలు కలిపి దాదాపు నాలుగు రెట్లు కనిపించాయి.

అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో అస్పరాజినేజ్ ఇంజెక్షన్ గడ్డకట్టకుండా కాపాడే యాంటీథ్రాంబిన్‌ని లివర్ తయారు చేయకుండా చేస్తుంది. నా దగ్గర పందొమ్మిదేళ్ల కుర్రాడు, పాలిటెక్నిక్ విద్యార్థి, ఆ ఇంజెక్షన్లు పడుతుండగా తలనొప్పి అన్నాడు. అంతకు నాలుగు రోజుల ముందే వెన్నులో మందు ఎక్కించారు, దానికీ తలనొప్పి వస్తుంది. పడుకుంటే తగ్గుతోందా అని అడిగితే "పడుకుంటే ఇంకా ఎక్కువవుతోంది సార్" అన్నాడు. వెన్నులో సూది వల్ల వచ్చే నొప్పి పడుకుంటే తగ్గాలి. ఎంఆర్ఐ తీస్తే మెదడు సిరలో గడ్డ. అప్పుడు వాడి ప్లేట్‌లెట్లు 38 వేలు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నాయి కాబట్టి గడ్డకట్టదు అనే మాట ఎవరు చెప్పినా నమ్మకండి. అవి తక్కువైతే గడ్డ రావడం ఆగదు, వచ్చాక వైద్యం కష్టమవుతుంది.

సరే, మళ్లీ నాన్నగారి దగ్గరికి వద్దాం. ఇంజెక్షనే మేలు కదా, ఖర్చయితే అయిందిలే అని మీకు అనిపించవచ్చు. దానికీ ఒక ధర ఉంది, రక్తస్రావం. మైలోమాలో కిడ్నీలు దెబ్బతినడం మామూలు. కిడ్నీ బాగా నెమ్మదిస్తే ఎనోక్సాపరిన్ (ఆ పొట్ట ఇంజెక్షన్లలో ఒకటి) ఒంట్లో పేరుకుంటుంది. మీరు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) రాయలేదు, మీ డాక్టర్ ఎకోస్ప్రిన్‌తో ఆగడానికి కారణం అక్కడే ఉందేమో చూడండి. రక్తం పలచన చేసే మాత్ర అపిక్సాబాన్ 2.5 రోజుకు రెండు పూటలు మంచి మధ్యేమార్గం, నేను ఈ మధ్య ఎక్కువగా అదే రాస్తున్నాను. కానీ ఫంగస్‌కి ఇచ్చే కొన్ని మాత్రలతో దానికి పడదు.

ఏ మందు అయినా సరే, ప్లేట్‌లెట్లు 50 వేల కిందికి వస్తే డాక్టర్‌ని అడగకుండా కొనసాగించకండి. వానాకాలంలో జ్వరం వస్తే ఊళ్లో ఒక్క రోజు కూడా చూస్తూ కూర్చోకండి. డెంగీ అయితే, ఇప్పటికే మందులు తగ్గించిన ప్లేట్‌లెట్లను అది ఇంకా దించుతుంది, పైన ఎకోస్ప్రిన్ ఎలాగూ ఉంది. నడుము నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది అసలు వద్దు, కిడ్నీకీ చేటు, ఎకోస్ప్రిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం. మాటిమాటికీ దీన్ని ఎందుకు చెప్తానంటే, మాటిమాటికీ చూస్తున్నాను కాబట్టి.

వచ్చేసారి వెళ్లినప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకెళ్లండి: బరువు, డెక్సా నెలకు ఎంత, క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు, రోజులో ఎన్ని గంటలు మంచం మీద ఉంటున్నారు. "ఇంపీడ్ ఎంత వచ్చింది సార్, ఆసియా పాయింట్లు తీసి వేశారా, తీయకుండా వేశారా?" అని అడగండి. విసుక్కునే డాక్టర్ ఉండవచ్చు, కానీ ఎక్కువ మంది కుర్చీ ముందుకు జరుపుకుంటారు. మీ అంతట మీరు మందు మార్చడం, ఆపడం మాత్రం చేయకండి.

ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. దర్జీ టేపు తీసుకోండి. మోకాలి చిప్ప కింద ముందువైపు ఎముక బుడిపెలా తగులుతుంది, దానికి 10 సెంటీమీటర్ల కింద రెండు పిక్కల చుట్టుకొలత వారానికోసారి, డెక్సా వేసుకునే రోజునే కొలిచి క్యాలెండర్ మీద రాయండి. డెక్సా వాపు రెండు కాళ్లకూ వస్తుంది. ఒక పిక్క రెండో దానికంటే 3 సెంటీమీటర్లు పెద్దదైతే, లేదా ఒక్క కాలే లాగుతూ నొప్పి పెడితే, మర్దన చేయకుండా అదే రోజు డాప్లర్ చేయించండి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గులో రక్తపు చారలు కనిపిస్తే డాప్లర్ కోసం కూడా ఆగకండి. హైదరాబాద్‌లో ఉన్న మీ డాక్టర్‌కి ఫోన్ కలవలేదని ఎదురుచూడకుండా ఖమ్మంలోనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, మొదటి మాటగా "లెనలిడమైడ్ వాడుతున్నారు" అని చెప్పండి.